అద్దాలు తీసేస్తామన్నవారు కంటి లోపల చూశారా?

కళ్లద్దాలు వదిలించుకోవాలని లేజర్ చికిత్సకు వచ్చే ప్రతి ఒక్కరికీ ముందుగా కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక, రెటీనాను అంచుల దాకా పరీక్షించాలి. ఆ పరీక్షలో ఏం కనబడిందో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి, కాగితం మీద రాసివ్వాలి. చికిత్స అయిన తరువాత ఆ రెటీనాను ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో కూడా ముందే చెప్పాలి. ఇవేవీ చేయకుండా డబ్బు కట్టించుకుని అద్దాలు తీసేయడం వైద్యం పేరుతో జరిగే అన్యాయం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా ఈ మాట ఎందుకు అనవలసి వస్తుందో వివరించడానికే.

"సామాజిక న్యాయం గురించి రాసే పత్రికలో లాసిక్ ఆపరేషన్ సంగతి ఎందుకండీ? అది డబ్బున్నవాళ్ల ముచ్చట కదా" అని అడిగే సహోదరులు ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు హైదరాబాదులోనో బెంగళూరులోనో వెతికితే దొరకదు. మా వత్రాప్‌కు రండి.

ఎవరు వెళుతున్నారు, ఎందుకు వెళుతున్నారు?

వత్రాప్ తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గర ఉంది. తమిళంలో దాని పేరు వత్తిరాయిరుప్పు. కొంచెం దూరంలో శ్రీవిల్లిపుత్తూరు, ఇటు రాజపాళయం, అటు శివకాశి, ఇంకా దక్షిణానికి వెళితే కోవిల్‌పట్టి. శివకాశిది బాణసంచా, కోవిల్‌పట్టిది అగ్గిపెట్టె. ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. రాజపాళయం రాజులు, కమ్మవారు నాయుళ్లు, రెడ్డియార్లు ఉన్నారు. వాళ్లందరికంటే కింద, ఊరి చివర, అరుంధతీయులు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇంటి భాష తెలుగే. పారిశుధ్యపు పనీ, తోలు పనీ, కూలి పనీ తప్ప మరొకటి ఎరగనివ్వకుండా ఈ సమాజం వాళ్లను తొక్కిపెట్టింది. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీ కోటా లోపల వాళ్లకు 3 శాతం ప్రత్యేకంగా ఇచ్చిన తరువాతే చదువుకున్న పిల్లల ముందు ఒక తలుపు కాస్త తెరుచుకుంది. క్రైస్తవులైనవారికి ఆ తలుపు కూడా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్లను షెడ్యూల్డ్ కులాల జాబితా నుండి బయటే నిలబెట్టింది.

ఇలాంటి ఇళ్లలోని పిల్లవాడికి యూనిఫాం ఉద్యోగం అంటే ఏమిటో బయటివాళ్లకు అర్థం కాదు. జీతం ఒక్కటే కాదు, తన తండ్రిని ఏకవచనంతో పిలిచిన వీధిలో తాను తలెత్తుకుని నడవగలగడం. రైల్వే, పోలీసు, సైన్యం, విమానదళం, ఏ నోటిఫికేషన్ వచ్చినా రాత్రింబగళ్లు చదువుతాడు, తెల్లవారుజామున పరుగెత్తుతాడు. చివరికి కంటి పరీక్ష దగ్గర ఆగిపోతాడు. అప్పుడు బస్టాండు గోడ మీదో, సెల్‌ఫోన్‌లోనో ఒక ప్రకటన కనబడుతుంది. నిమిషాల్లో ఆపరేషన్, నొప్పి లేదు, అద్దాలకు సెలవు. పదుల వేల రూపాయల ఖర్చు. తల్లి చెవిపోగులు తాకట్టుకు వెళతాయి. మహిళా సంఘంలో అప్పు పుడుతుంది.

ఆడపిల్లల సంగతి వేరుగా ఉంటుంది. వాళ్ల అద్దాలు పెళ్లి చూపుల్లో అడ్డం వస్తాయి. "అద్దాలు తీయించి చూపించండి" అనే మాట ఎంత మర్యాదగా పలికినా అది కట్నం బేరమే. పెళ్లి ముహూర్తం పెట్టుకుని కంటి ఆపరేషన్‌కు తొందరపెట్టే తల్లిదండ్రులు మన సంఘాల్లోనే ఉన్నారు.

కాబట్టి ఇది డబ్బున్నవాళ్ల ముచ్చట కాదు. డబ్బు లేనివాళ్లు అప్పు చేసి వెళుతున్న చోటు. అప్పు చేసి వచ్చినవాడు ప్రశ్నలు అడగడు. ఆపరేషన్ వద్దంటారేమోనన్న భయమే వాడి నోరు మూయిస్తుంది.

లేజర్ తాకేది ఎక్కడ, జబ్బు ఉండేది ఎక్కడ?

ఈ చికిత్స వెనుక ఉన్న విజ్ఞానాన్ని నేను తక్కువ చేయడం లేదు. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేస్తూ 1981లో ఎక్సైమర్ లేజర్‌తో జీవకణజాలాన్ని చుట్టుపక్కల కాలకుండా సన్నగా చెక్కవచ్చని తన సహచరులతో కలిసి కనిపెట్టారు. ఇవాళ్టి లాసిక్‌కు అదే పునాది. తగిన కంటికి, తగిన పరీక్షల తరువాత, నేర్పున్న చేతులు చేస్తే ఇది మంచి చికిత్స. లక్షలమంది దీనివల్ల మేలు పొందారు.

అయితే లేజర్ చెక్కేది కార్నియాను, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరను. దూరపు చూపు మందగించినవారి సమస్య చాలా వరకు కార్నియాలో ఉండదు. కనుగుడ్డు పొడవుగా సాగి ఉంటుంది. పెద్దవాళ్లలో మామూలు కనుగుడ్డు పొడవు దాదాపు 24 మిల్లీమీటర్లు. మైనస్ పవర్ పెరిగే కొద్దీ ఆ పొడవు పెరుగుతుంది. 26 మిల్లీమీటర్లు దాటినదాన్నీ, మైనస్ 6 నుండి పైకి ఉన్నదాన్నీ వైద్యులు తీవ్రమైన మయోపియా కిందే లెక్కిస్తారు. గుడ్డు సాగినప్పుడు లోపలి గోడకు అతుక్కుని ఉన్న రెటీనా కూడా సాగుతుంది. సాగిన చోట పలచబడుతుంది. అంచుల దగ్గర లాటిస్ అనే మచ్చలు వస్తాయి. కొందరిలో చిన్న రంధ్రాలు, చిరుగులు పడతాయి. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా గోడ నుండి ఊడిపోతుంది. గోడకు అంటించిన కాగితం తేమకు ఊడివచ్చినట్టే.

ఇప్పుడు లేజర్ ఏం చేసింది? ముందున్న పొరను సరిచేసి వెలుగు సరిగ్గా రెటీనా మీద పడేటట్టు చేసింది. చూపు 6/6 అయింది. కానీ కనుగుడ్డు పొడవు ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. రెటీనాలో ఉన్న పలచని చోటు పలచగానే ఉంది. ఆపరేషన్‌కు ముందు రెటీనా ఊడే ప్రమాదం ఎంత ఉందో తరువాత కూడా అంతే ఉంది. తేడా ఏమిటంటే, ముందు అద్దాలు ఉండేవి. అద్దాలు మార్పించుకోవడానికైనా రెండేళ్లకోసారి కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లేవాడు. ఇప్పుడు వెళ్లడు. తన కన్ను బాగైపోయిందని నమ్ముతున్నాడు. "మీ కన్ను ఇంకా మైనస్ 7 కన్నే" అని ఎవరూ అతనికి చెప్పలేదు.

నేను ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. లాసిక్ చేస్తే రెటీనా ఊడిపోతుందని నేను అనడం లేదు. కార్నియా మీద పొర లేపేటప్పుడు కంటిని కొన్ని క్షణాలు గట్టిగా పట్టి ఉంచుతారు, ఆ సమయంలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ముందుగా రెటీనాలో బలహీనమైన చోట్లు ఉన్నాయేమో చూసుకోమంటారు. అసలు ప్రమాదం పొడవైన కంటిలో ఉంది. దాన్ని చూడకుండా వదిలేయడం మనుషులు చేసే తప్పు.

మా ప్రాంతానికి ఇంకొక సంగతి కలపాలి. కంటికి బలమైన దెబ్బ తగిలితే రెటీనా అంచుల్లో చిరుగు పడవచ్చు. అది వెంటనే తెలియకపోవచ్చు, నెలల తరువాత, ఏళ్ల తరువాత బయటపడవచ్చు. బాణసంచా పేలి కంటికి తగిలినవాళ్లు, కబడ్డీలో మోచేయి తగిలినవాళ్లు మా ఊళ్లలో తక్కువేమీ కాదు. "చిన్నప్పుడు కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అన్న ఒక్క ప్రశ్న అడగడానికి యంత్రం అక్కరలేదు.

ఆ పరీక్ష ఎందుకు దాటవేస్తారు?

రెటీనా అంచుల పరీక్ష ఖరీదైనది కాదు. చుక్కలు వేయాలి. కంటిపాప విప్పారడానికి అరగంట నుండి ముప్పావుగంట కూర్చోవాలి. తరువాత వైద్యుడు తలకు దీపమున్న పరికరం తగిలించుకుని, చేతిలో అద్దం పట్టుకుని, రోగిని పైకీ కిందికీ పక్కలకూ చూడమంటూ రెటీనాను చుట్టూ పరీక్షిస్తారు. ఒక్కోసారి రెప్ప మీద నుండి మెల్లగా నొక్కి అంచును లోపలికి తెచ్చి చూస్తారు. రెటీనా తెలిసిన వైద్యుడి సమయం కావాలి, అంతే.

"ఫోటో తీశాం కదా" అంటారు కొన్నిచోట్ల. మామూలు ఫండస్ కెమెరా రెటీనా నడిమి భాగాన్ని పట్టుకుంటుంది. మధుమేహం వల్ల వచ్చే మార్పులను గుర్తించడానికి అది చాలా మేలు చేస్తుంది. మయోపియా ఉన్నవాడి లాటిస్, రంధ్రాలు ఎక్కువగా ఉండేది అంచుల్లో. గది మధ్యలో దీపం పెట్టి మూలలు శుభ్రంగా ఉన్నాయని చెప్పలేం కదా.

మరి ఇంత తేలికైన పరీక్షను ఎందుకు దాటవేస్తారు? కారణం సమయం, సమయం వెనుక డబ్బు. చుక్కలు వేసిన కంటికి కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ భరించలేం, బండి నడపకూడదు. కాబట్టి పరీక్ష ఒక రోజు, ఆపరేషన్ మరో రోజు పెట్టుకోవలసి వస్తుంది. రెటీనాలో లేజర్ వేయవలసిన చోటు కనబడితే, అది గట్టిపడేదాకా మరికొన్ని వారాలు ఆగాలి. ఉదయం పరీక్ష, మధ్యాహ్నం ఆపరేషన్, సాయంత్రం ఇంటికి అనే ప్యాకేజీలో ఇది ఇమడదు. ఆగిన రోగి మనసు మార్చుకోవచ్చు, వేరేచోటికి వెళ్లవచ్చు. వ్యాపారికి ఆగడమంటే నష్టం.

రోగి వైపు కూడా ఆగడమంటే నష్టమే. వత్రాప్ నుండి మదురైకి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. కళ్లు మసకగా ఉంటాయి కాబట్టి తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. బస్సు చార్జీలు ఇద్దరివి. ఇదే పని రెండుసార్లు చేయాలి. పట్నంలో కంప్యూటర్ ఉద్యోగికి చుక్కలు వేసిన పూట సెలవు దొరుకుతుంది. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే అమ్మాయికి దొరకదు. కాబట్టి "ఇవాళే అన్నీ అయిపోతాయి" అనే మాట పేదవాడికి దయలా వినబడుతుంది. పేదవాడి సమయానికి ఈ దేశంలో విలువ లేదు కాబట్టే ఆ దయ ఇంత సులభంగా అమ్ముడవుతోంది.

విమానదళం అడిగినది పేదవాడికి ఎందుకు అక్కరలేదు?

ఉద్యోగం కోసం ఆపరేషన్ చేయించుకునే పిల్లల సంగతిలో ఇంకా ఘోరం ఉంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవారు అర్హులు కారని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. అద్దాలు లేకుండా 6/6 చూపు కావాలి, ఆ చూపు శస్త్రచికిత్సతో తెచ్చుకున్నది కాకూడదు. ఈ ఒక్క వాక్యం ఇంగ్లీషు నోటిఫికేషన్‌లో ఎన్నో పేజీల లోపల ఉంటుంది. ఆపరేషన్ ప్రకటన మాత్రం గోడంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆపరేషన్‌కు డబ్బు తీసుకునేవారు "నీవు ఏ ఉద్యోగానికి వెళుతున్నావు బాబూ, అందులో ఇది ఒప్పుకుంటారా?" అని అడగాలి. అడగకపోతే వాళ్లు వాడి అప్పునూ కార్నియానూ రెంటినీ వృథా చేసినట్టే.

విమానదళం లాసిక్‌ను పూర్తిగా కాదనలేదు. అయితే షరతులు పెట్టింది. 20 ఏళ్లు నిండకముందు చేయించుకుని ఉండకూడదు. చేయించుకుని కనీసం 12 నెలలు గడవాలి. కనుగుడ్డు పొడవు ఒక హద్దు దాటకూడదు. ఆపరేషన్‌కు ముందు పవర్ మైనస్ 6 కంటే ఎక్కువ ఉన్నవారిని తీసుకోరు. ఎందుకీ షరతులు? అద్దాలు పోయినా పొడవైన కన్ను పొడవైన కన్నేనని వాళ్లకు తెలుసు. కోట్ల రూపాయల విమానాన్ని కాపాడుకోవడానికి ప్రభుత్వం కనుగుడ్డును కొలిచి చూస్తోంది. ఒక పారిశుధ్య కార్మికురాలి కొడుకు కన్ను కాపాడుకోవడానికి అదే కొలత ఎందుకు అక్కరలేదు? ఇదే నా ప్రశ్న.

ఈ నేల మీదే పుట్టిన మరొక మాదిరి

"పేదవాళ్లకు అన్ని పరీక్షలూ చేస్తూ కూర్చుంటే ఆసుపత్రి మూతపడుతుంది" అంటారు. ఆ వాదనకు జవాబు మా పక్కనే ఉంది. కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి పల్లె వడమలాపురంలో 1918లో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామి ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. కీళ్లవాతం ఆయన వేళ్లను వంకరలు చేసింది. ఆ వంకర వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని కంటి వైద్యుడై, లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. ప్రభుత్వ ఉద్యోగం నుండి 58వ ఏట విరమించి, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. డబ్బు కట్టగలిగినవారి రాబడితో కట్టలేనివారికి ఉచితంగా చికిత్స జరిగేటట్టు దాన్ని నిలబెట్టారు. కంట్లో పెట్టే లెన్సు విదేశాల నుండి కొనలేని ధరకు వస్తుంటే, 1992లో అరోల్యాబ్ మొదలై ఇక్కడే చవకగా తయారైంది. 2006లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పని ప్రపంచానికి పాఠమైంది.

అటు తెలుగునాట 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. దాదాపు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటర్, దాని పైన చిన్న ఆసుపత్రి, దాని పైన పెద్ద ఆసుపత్రి అనే మెట్ల వరుసను నిర్మించారు. పల్లెలో కనబడిన అనుమానం పట్నంలోని నిపుణుడి దాకా చేరే దారి అది.

వెంకటస్వామి గారు మన విశ్వాసానికి చెందినవారు కారు. ఆయనకు స్ఫూర్తి శ్రీ అరవిందులు. దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టిన సమరయుడు కూడా ప్రభువు శ్రోతల మతస్థుడు కాడు. ఆ కథలో మనం తరచుగా వదిలేసే భాగం ఒకటి ఉంది. అతడు గాయానికి నూనె పోసి వెళ్లిపోలేదు. సత్రానికి తీసుకెళ్లాడు, రాత్రంతా చూసుకున్నాడు, రెండు దేనారాలు ఇచ్చాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. తిరిగి వస్తానన్న ఆ మాట లేకపోతే అది వైద్యం అవదు. లేజర్ కేంద్రం నుండి బయటికి వచ్చిన పిల్లవాడితో ఆ మాట అన్నవారెవరు?

అభ్యంతరాలు

"మంచి ఆసుపత్రులు ఈ పరీక్ష చేస్తూనే ఉన్నాయి" అంటారు. నిజమే. వాళ్లకు నా వందనాలు. వాళ్లు చేస్తున్నారు కాబట్టే ఇది చేయదగినదని రుజువైంది. చేయనివారిని ఎవరు అడుగుతున్నారన్నదే మిగిలిన ప్రశ్న.

"ఇలా రాస్తే జనం భయపడి ఆపరేషనే మానేస్తారు" అంటారు. సగం తెలిసినప్పుడు భయం పుడుతుంది. పరీక్ష చేసి "నీ రెటీనా బాగుంది" అని చెప్తే భయం పోతుంది. లాటిస్ ఉన్నంత మాత్రాన అందరికీ లేజర్ వేయనక్కరలేదు, చాలామందికి గమనించుకుంటూ ఉంటే చాలు. ఎవరికి వేయాలో రెటీనా నిపుణుడే తేల్చాలి. "మచ్చ ఉంది, వెంటనే లేజర్ వేయించుకో" అంటూ భయపెట్టి ఇంకో బిల్లు వేసేవాళ్లను కూడా నేను సమర్థించను. వేయవలసిన చోటు ఉంటే మాత్రం కూర్చోబెట్టి కొన్ని నిమిషాల్లో బలహీనమైన చోటు చుట్టూ కంచె వేసినట్టు లేజర్ వేస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. ఆ చోటు గమనించక రెటీనా ఊడిపోతే పెద్ద ఆపరేషన్ కావాలి, కంట్లో గ్యాసో నూనెనో నింపాలి, కొందరు రోజుల తరబడి తల వంచుకుని పడుకోవాలి. నడిమి భాగం ఊడిన తరువాత వస్తే, ఆపరేషన్ గెలిచినా పాత చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ తేడా తెలిసి కూడా చెప్పకపోవడం ఏ రకమైన కరుణ?

"రోగి సంతకం పెట్టాడు కదా" అంటారు. సంతకం పెట్టించుకోవడం వేరు, సమ్మతి తీసుకోవడం వేరు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చికిత్స ఏమిటి, దానివల్ల లాభం ఏమిటి, వేరే దారులు ఏమున్నాయి, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ రోగి తేల్చుకోగలిగినంతగా చెప్పిన తరువాతే అది సమ్మతి. మా ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్దవాళ్లలో చాలామంది తెలుగు అక్షరాలు చదవలేరు, వాళ్లు చదువుకున్నది తమిళం. కొందరు అదీ చదువుకోలేదు. అందుకని తెలుగులో కరపత్రం వేసినంత మాత్రాన సరిపోదు. ఎదురుగా కూర్చోబెట్టి, ఆ అమ్మకు తెలిసిన మాటల్లో నోటితో చెప్పాలి.

సంఘాలు ఏం చేస్తున్నాయి?

సువార్త సేవకులకు కంటి వైద్యం కొత్త కాదు. వెల్లూరులో ఐడా స్కడర్ 1902లో తెరిచిన మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి ఇవాళ సీఎంసీ వారి కంటి ఆసుపత్రిగా నిలిచి ఉంది. అలాంటి వారసత్వం ఉన్న మనం ఇప్పుడు చేస్తున్న కంటి శిబిరాలు ఎలా ఉన్నాయి? ఆదివారం ఆరాధన తరువాత ఒక వ్యాను వస్తుంది. గోడకు చార్టు తగిలిస్తారు. శుక్లాలు ఉన్నవారిని ఒక వరుసలో, అద్దాలు కావలసినవారిని మరో వరుసలో నిలబెడతారు. బ్యానర్ ముందు ఫోటో దిగుతారు. 24 ఏళ్ల కుర్రాడికి మైనస్ 8 ఉందని తెలిసినా అద్దం రాసిచ్చి పంపేస్తారు. వాడి రెటీనాను చూడాలని ఎవరికీ తోచదు. శిబిరం ముసలివాళ్ల శుక్లాల కోసం పెట్టినది.

ప్రభుత్వ శిబిరాల లెక్క కూడా ఇలాగే ఉంది. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పేరుతో పెద్ద పథకాలు మొదలయ్యాయి. తెలంగాణ మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఇది గొప్ప పని. కానీ ఇలాంటి కార్యక్రమాల జయాన్ని పంచిన అద్దాల సంఖ్యతో కొలవడం అలవాటైంది. అద్దం ఇచ్చిన చేయే "నీది ఎక్కువ మైనస్, ఏడాదికోసారి రెటీనా చూపించుకో" అని చెప్పి ఒక చీటీ ఇవ్వాలి. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి మయోపియా ఉంటుందని, పదిమందిలో ఒకరికి తీవ్రమైనది ఉంటుందని 2016లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అంచనా చెప్పింది. వచ్చే తరం సమస్య ఇది. మన శిబిరాలు పోయిన తరం సమస్య దగ్గరే ఆగి ఉన్నాయి.

బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివాడిని ముట్టిన సంగతి మార్కు సువార్త 8వ అధ్యాయంలో ఉంది. ముట్టిన తరువాత ఆయన వాడిని పంపించేయలేదు. ఏమైనా కనబడుతోందా అని అడిగాడు. మనుషులు చెట్లలాగా నడుస్తున్నట్టు కనబడుతున్నారని వాడు నిజం చెప్పాడు. ప్రభువు మళ్లీ చేతులుంచాడు, అప్పుడు వాడికి అన్నీ తేటగా కనబడ్డాయి. సువార్తల్లో రోగిని ఇలా మధ్యలో ఆపి అడిగిన స్వస్థత మరొకటి కనబడదు. దేవుని కుమారుడే తన పని ఎలా ఉందో రోగిని అడిగి సరిచూసుకుంటే, మన ఆసుపత్రులకూ శిబిరాలకూ అంత తీరిక ఎందుకు లేదు?

మనం అడగవలసినవి

మొదటిది, ప్రభుత్వాన్ని. లేజర్ చూపు చికిత్స చేసే ప్రతి కేంద్రంలోనూ చుక్కలు వేసి చేసిన రెటీనా పరీక్ష నివేదిక లేకుండా ఆపరేషన్ జరగకూడదని ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. 2018లో కేంద్రం విరుదునగర్‌ను ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేర్చింది. 2022 జనవరిలో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడ రెటీనా వైద్యుడు ఏ రోజు, ఏ సమయంలో చూస్తారో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద తమిళంలో పెద్ద అక్షరాలతో రాయాలి. 2021 ఆగస్టు నుండి ఇంటింటికీ షుగరు, బీపీ మందులు తెస్తున్న మక్కళైత్ తేడి మరుత్తువమ్ సిబ్బంది, షుగరు ఉన్నవారినీ ఎక్కువ మైనస్ ఉన్నవారినీ రెటీనా పరీక్షకు పంపాలి.

రెండవది, ఉద్యోగ నోటిఫికేషన్లు ఇచ్చేవారిని. లాసిక్‌ను ఒప్పుకుంటారా లేదా అనే విషయం మొదటి పేజీలో, ప్రాంతీయ భాషలో ఉండాలి.

మూడవది, సంఘాలను. శిబిరానికి వచ్చే ఆసుపత్రిని "చుక్కలు వేసి రెటీనా చూస్తారా? అనుమానం ఉన్నవారిని ఎక్కడికి పంపుతారు? బస్సు చార్జీ ఎవరు ఇస్తారు?" అని కాపరి అడగాలి. జవాబు లేకపోతే మందిరం తలుపు తెరవకూడదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం వైద్యులకు నిషిద్ధం. కాపరికి అది నిషిద్ధమని వేరే పుస్తకం తెరిచి చూడనక్కరలేదు. కానుకల్లో కొంత భాగాన్ని, చుక్కలు వేయించుకున్న రోజు కూలి పోయినవారి కోసం పక్కన పెట్టండి. మదురైకి తోడు వెళ్లడానికి యవ్వనస్థుల సమాజంలో ఇద్దరిని నియమించండి. ఇది కూడా పరిచర్యే.

నాలుగవది, ఆపరేషన్‌కు వెళుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. వయసు 18 దాటి, పవర్ కనీసం ఒక ఏడాదిగా మారకుండా ఉంటేనే ఈ ఆలోచన చేయండి. కార్నియా మందం, ఆకారం పరీక్షించారా అని అడగండి. "నా రెటీనా అంచుల దాకా చూశారా? ఏం కనబడింది? నా కనుగుడ్డు పొడవు ఎంత?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిందేమో, మీకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందేమో దాచకుండా చెప్పండి. మీ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని అదే 2002 నియమావళి చెబుతోంది. వాటిని పెళ్లి పత్రంలాగా జాగ్రత్త చేయండి. కార్నియా పలచబడిన కంట్లో ఒత్తిడి కొలిస్తే ఉన్నదానికంటే తక్కువ చూపవచ్చు. ముసలితనంలో శుక్లం ఆపరేషన్‌కు లెన్సు లెక్క తప్పవచ్చు. ఆ రోజు వైద్యుడికి ఈ పాత కాగితాలే దారి చూపిస్తాయి.

ఆపరేషన్ అయ్యాక కూడా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. కంటి ముందు ఒక్కసారిగా ఈగల్లాంటి నల్ల చుక్కలు ఎక్కువైనా, చీకట్లో మెరుపులు మెరిసినా, ఒక పక్క నుండి తెర దిగినట్టు నీడ కమ్ముతున్నా, పొద్దున వెళదాంలే అనుకోకండి. నొప్పి ఉండదు, అందుకే మోసపోతాం. ఆ రోజే రెటీనా వైద్యుడున్న ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వ్యాసం ఎవరి కోసం రాశానో వాళ్లలో చాలామంది దీన్ని చదవలేరు. చదవగలిగిన మీరు ఈ చివరి రెండు పేరాలైనా వచ్చే ఆదివారం ప్రకటనల సమయంలో బిగ్గరగా చదివి వినిపించండి.